రాస్తాలు రోజూ చదివేది బైబిలే కదా, మరి క్రైస్తవులు ఎందుకు కారు?

అర్ధరాత్రి_రేడియో:

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా బుర్రలో తిరుగుతున్న డౌటు ఇది. రాస్తా అనగానే నాకు తెలిసినవి జడలు, గంజాయి, గాయకుడు బాబ్ మార్లే బొమ్మ ఉన్న టీషర్టు, అంతే. ఈ మధ్య మార్లే పాడే రెగ్గే సంగీతం గురించి చదువుతూ పోతుంటే అసలు వీళ్ళది జమైకాలో పుట్టిన ఒక పూర్తి విశ్వాసం అని, బైబిల్ లేకుండా వీళ్ళకి రోజు గడవదని, జుట్టు దగ్గర్నుంచి తిండి దాకా ప్రతీదానికీ ఒక వచనం చూపిస్తారని తెలిసింది. సరే బానే ఉంది, కానీ మళ్ళీ వీళ్ళే ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దేవుడంటారు, ఆయనేమో చివరిదాకా ఆర్థడాక్స్ చర్చికి వెళ్ళిన మనిషి. చర్చిని తిడతారు, బైబిల్ని వదలరు. తెల్లవాళ్ళు బైబిల్ని చెడగొట్టారంటారు, మళ్ళీ ఆ తెల్లవాళ్ళ కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లీషు బైబిల్నే నోటికి అప్పజెప్తారు.

ఇంతకీ వీళ్ళు పుస్తకాన్ని బట్టి బతుకుతున్నారా, లేక ముందు ఒక బతుకు ఎంచుకుని దానికి పుస్తకంలో సపోర్టు వెతుక్కున్నారా? వీళ్ళకంటూ వేరే గ్రంథం ఏమైనా ఉందా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, వికీపీడియా లింకులు వద్దు ప్లీజ్, అవి చూశాను.

పాత_పుస్తకాలు:

కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిక ఉంటే చదవండి (రాస్తా అంటే రాస్తాను అని లెండి).

ముందు బైబిల్ కరీబియన్ బానిసల చేతికి ఎట్లా వచ్చిందో చూడాలండి. 1807లో లండన్లో ఒక బైబిల్ అచ్చేశారు, బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లోని నీగ్రో బానిసల కోసం ఏరిన భాగాలు అని దాని పేరులోనే ఉంటుంది. అందులో యోసేపు బానిసగా అమ్ముడుపోయిన కథ ఉంది, దాసులు యజమానులకి లోబడాలన్న మాట ఉంది, మోషే జనాన్ని ఐగుప్తు నుంచి బయటికి నడిపించిన కథ మాత్రం లేదు. పాత నిబంధనలో చాలా మటుకు ఎగిరిపోయింది. ఇది తెలిశాక "పుస్తకంలో తప్పు లేదు, దాన్ని మోసుకొచ్చిన చేతుల్లో ఉంది తప్పు" అనే రాస్తాల వాదన వింతగా అనిపించదు. చర్చిని తిట్టి బైబిల్ని ఉంచుకోవడం అనే మీ మొదటి డౌటుకి సగం జవాబు ఇక్కడే ఉంది.

మిగతా సగం ఇథియోపియా. 1780లలోనే జార్జ్ లైల్ అని బానిసత్వం నుంచి విడుదలైన ఒక నల్ల ప్రచారకుడు అమెరికా నుంచి జమైకాకి వచ్చి కింగ్‌స్టన్లో సంఘం పెట్టి దానికి ఇథియోపియన్ బాప్టిస్ట్ అని పేరు పెట్టుకున్నాడు. అంటే హైలే సెలాసీ పుట్టడానికి వందేళ్ళ ముందే బైబిల్లో ఇథియోపియా అని ఎక్కడ కనిపించినా అది మేమే అని చదువుకోవడం అక్కడ మొదలైపోయింది. అందులో ముఖ్యమైంది కీర్తన 68:31, ఐగుప్తు నుంచి ప్రధానులు వస్తారు, ఇథియోపియా దేవుని వైపు చేతులు చాస్తుంది అని (తెలుగు బైబిల్లో వెతికేవాళ్ళు కూషీయులు అని చూడండి). తర్వాత జమైకాలో పుట్టిన నల్లవాళ్ళ నాయకుడు మార్కస్ గార్వీ వచ్చి ఆ వచనాన్ని రాజకీయం చేశాడు, మన దేవుణ్ణి మనం ఇథియోపియా కళ్ళద్దాల్లోంచి చూసుకుందాం అన్నాడు.

ఇదంతా నేల దున్ని పెట్టినట్టు ఉన్న టైములో 1930 నవంబర్ 2న అడిస్ అబాబాలో రాస్ తఫారి మకొనెన్ పట్టాభిషేకం జరిగి హైలే సెలాసీ అయ్యాడు. ఆయన బిరుదులు చూడండి, రాజులకు రాజు, యూదా గోత్రపు సింహం. ప్రకటన గ్రంథం 5:5, 19:16 తీసి పక్కన పెట్టుకుంటే ఒకటే. ఇథియోపియా రాజవంశానికి ఇవి కొత్తవి కావు, సొలొమోను వారసులం అని వాళ్ళు ఎప్పట్నించో చెప్పుకునేవాళ్ళే, కానీ జమైకాలో పేపర్లో ఫొటో చూసిన పేద నల్లవాడికి అది వార్త కాదు, ప్రవచనం నెరవేరడం. లియోనార్డ్ హోవెల్, జోసెఫ్ హిబ్బర్ట్, ఆర్చిబాల్డ్ డంక్లీ లాంటివాళ్ళు బైబిల్ పట్టుకుని వీధుల్లోకి వచ్చి ఈయనే ఆయన అని చెప్పడం మొదలుపెట్టారు. మీ రాజు ఇంగ్లాండు రాజు కాదు, ఇథియోపియాలో ఉన్నాడు అని చెప్పినందుకు హోవెల్‌ని 1934లో రాజద్రోహం కేసులో రెండేళ్ళు జైల్లో పెట్టారు. దేవుడి గురించి మాట్లాడితే రాజద్రోహం కేసు పడిందంటే అది ఎంత రాజకీయమో మీరే ఆలోచించండి.

కాబట్టి వాళ్ళు బైబిల్ని ఎవరో ఇచ్చిన రూల్ బుక్కులా చదవరు. తాతల ఆస్తి దస్తావేజు వేరేవాళ్ళ బీరువాలో దొరికితే ఎట్లా చదువుతాం, పేర్లు ఎక్కడున్నాయి, సరిహద్దులు ఎవరు చెరిపారు అని వేలుపెట్టి చదువుతాం కదా, అట్లా చదువుతారు. బబులోను అంటే ఎప్పుడో పోయిన ఊరు కాదు, తోటల యజమాని, పోలీసు, బ్యాంకు, బ్రిటిష్ సామ్రాజ్యం, ఆ తర్వాత వచ్చిన వ్యవస్థ అంతా బబులోనే. సీయోను అంటే ఆఫ్రికా. కీర్తన 137లో బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్ళు ఓడల్లో తెచ్చి పడేసిన వాళ్ళ ముత్తాతలే.

మీ అసలు ప్రశ్న, బతుకు ముందా వచనం ముందా. జడలనే తీసుకోండి. సంఖ్యాకాండం 6లో నాజీరు వ్రతం ఉంది, తల మీద మంగలికత్తి పడకూడదు, ద్రాక్షారసం ముట్టకూడదు, శవం దగ్గరికి పోకూడదు. ఇప్పుడు ఏ రాస్తాని అడిగినా అదే చూపిస్తాడు. కానీ మొదటి తరం ప్రచారకులకి జడల్లేవు! హోవెల్ ఫొటోల్లో నీటుగా కోటు వేసుకుని క్రాపుతో ఉంటాడు. జడలు గట్టిగా పట్టుకున్నది తర్వాత, 1940ల చివర్లో, 50లలో, పెద్దల రాజీ ధోరణి నచ్చని కుర్రాళ్ళు. సమాజం దేన్ని చూసి ఛీ అంటుందో దాన్నే నెత్తిన పెట్టుకున్నారు, అక్షరాలా. అది తిరుగుబాటా, వ్రతమా అని విడదీసి అడిగితే వాళ్ళకి ప్రశ్నే అర్థం కాదు. వాళ్ళు మతం అనే మాట కూడా పెద్దగా ఇష్టపడరు, లివిటీ అంటారు, అంటే బతికే తీరు. వచనం చదివి దాచుకునేది కాదు, ఒంటి మీద కనపడాల్సింది.

వేరే గ్రంథాలు ఉన్నాయి కానీ బైబిల్ స్థానంలో ఏదీ లేదు. కెబ్రా నగాస్ట్ అనే ఇథియోపియా గ్రంథం, షేబా రాణి సొలొమోను దగ్గరికి వెళ్ళడం, వాళ్ళకి పుట్టిన మెనెలిక్ నిబంధన మందసాన్ని (పది ఆజ్ఞల పలకలున్న పెట్టె) ఇథియోపియాకి తెచ్చేయడం, అది చాలా గౌరవంగా చూస్తారు. 1924లో వచ్చిన హోలీ పైబీ అని ఒకటి, నల్లవాళ్ళ కోసం బైబిల్ తరహాలో రాసింది. హోవెల్ 1935 ప్రాంతంలో ఒక చిన్న పుస్తకం రాశాడు, దాని మీద రచయిత పేరు జి.జి. మరాగ్, అంటే గంగున్‌గురు మరాగ్. మన చెవికి ఎక్కడో తగుల్తోంది కదా, 1845 నుంచి జమైకా చెరుకు తోటలకి ఇండియా కూలీలు ఓడల్లో వెళ్ళారు, అక్కడి నల్లవాళ్ళకి గంజాయి అలవాటు వాళ్ళ నుంచే వచ్చిందని చరిత్రకారులు చెప్తారు. దీని మీదే ఇంకో థ్రెడ్ వేసుకోవచ్చు, ఇక్కడ ఆపేస్తా.

వాక్యం_విత్తనం:

పైన అన్నగారు బాగా రాశారు, చరిత్ర ఒప్పుకుంటాను, 1807 బైబిల్ సంగతి చదువుతుంటే సిగ్గేసింది. కానీ ఒక క్రైస్తవురాలిగా నాకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి, గొడవ కోసం కాదు.

మొదటిది, నాజీరు వ్రతానికి గడువు ఉంటుంది. అదే 6వ అధ్యాయంలో కిందికి చదివితే వ్రతం అయిపోయాక తల క్షౌరం చేసుకుని ఆ వెంట్రుకల్ని నిప్పులో వెయ్యాలని ఉంది, అది ఎందుకు వదిలేస్తారు? పైగా 1 కొరింథీ 11లో పురుషుడికి తలవెంట్రుకలు పెంచుకోవడం అవమానం అని పౌలు స్పష్టంగా రాశాడు. రెండోది, ఆదికాండం 1:29లో దేవుడు విత్తనాలిచ్చే ప్రతి చెట్టూ ఇచ్చాడు అంటే అది ఆహారానికి అని అక్కడే ఉంది, పొగ తాగడానికి అని కాదు. ప్రకటన 22:2లో జనుల స్వస్థతకి ఆకులు అంటే అది జీవవృక్షం ఆకులు, పెరట్లో మొక్కవి కాదు. మూడోది అన్నిటికంటే పెద్దది, ఆ రాజు తనని దేవుడని ఎప్పుడూ చెప్పుకోలేదు, 1967లో కెనడా రేడియో వాళ్ళు అడిగితే నేను మామూలు మనిషినే అన్నాడు. ఎవరినైతే దేవుడంటున్నారో ఆయనే కాదంటున్నప్పుడు ఇంక ఏ లేఖనం చూపిస్తారు?

నచ్చిన వచనం ఏరుకుంటే ఎవరైనా ఏ బతుకైనా నిరూపించుకోవచ్చండి.

ఒకప్పటి_జమైకా:

సిస్టర్, మీ ప్రశ్నలు అక్కడ కూర్చుని అడిగితే వాళ్ళు ఎంత సంతోషపడతారో మీకు తెలీదు. నేను ఉద్యోగం పని మీద కొన్నాళ్ళు కింగ్‌స్టన్లో ఉన్నా, మా పక్కింట్లో ఒక పెద్దాయన, నైయబింగి శాఖ రాస్తా. రీజనింగ్ అంటారు వాళ్ళు, నలుగురు కూర్చుని ఒక వచనమో ఒక వార్తో పట్టుకుని గంటలు గంటలు మాట్లాడుకోవడం, పాస్టర్ ఉండడు, వేదిక ఉండదు, ఫైనల్ తీర్పు చెప్పేవాడు ఉండడు. వాళ్ళ లేఖన వ్యాఖ్యానం అంతా అక్కడే జరుగుతుంది, బయటి నుంచి పుస్తకాలు చూసి వాళ్ళ సిద్ధాంతం ఇదీ అని చెప్పబోతే అందుకే కుదరదు.

మీ పాయింట్లు దాదాపు ఇవే నేను ఆయన ముందు పెట్టా, అప్పట్లో నాకూ ఇవే వచ్చాయి. వ్రతానికి గడువు ఉంది కదా అంటే సమ్సోనుకి ఏ గడువు ఉంది, సమూయేలుకి ఏ గడువు ఉంది అన్నాడు, ఇద్దరూ తల్లి కడుపులోంచే అంకితం అయినవాళ్ళు. పౌలు సంగతి ఎత్తితే అపొస్తలుల కార్యాలు 18:18 తీసి చూపించాడు, మొక్కుబడి ఉండి కెంక్రేయలో తల కత్తిరించుకున్నాడని ఉంది, అంటే అప్పటిదాకా పెంచుకున్నట్టే కదా, అవమానం అన్నవాడే ఎందుకు పెంచాడు అని ఎదురు ప్రశ్న. మీరు ఒప్పుకోనక్కర్లేదు, నేనూ పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ ఆయన ఏరుకోవట్లేదు, మొత్తం పుస్తకం తిరగేసినవాడు. ట్వెల్వ్ ట్రైబ్స్ అనే శాఖ వాళ్ళకయితే రోజుకి ఒక అధ్యాయం చదవడం నియమం, ఆదికాండం నుంచి ప్రకటన దాకా అట్లా వెళ్తే మూడేళ్ళు దాటుతుంది, అయ్యాక మళ్ళీ మొదటి నుంచి. మన చర్చిల్లో అట్లా చదివేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు 🙂

నాకు బాగా ఆసక్తిగా అనిపించింది ఉప్పు. వాళ్ళ తిండిని ఐటల్ అంటారు, కొబ్బరిపాలతో కూరగాయలు దుంపలు ఉడికిస్తారు, పంది మాంసం ముట్టరు (లేవీయకాండం 11), చాలామంది మాంసమే తినరు, గట్టిగా ఉండేవాళ్ళు ఉప్పు కూడా వెయ్యరు. లేవీయకాండం 2:13లో ప్రతి నైవేద్యానికీ ఉప్పు ఉండాలని ఉంది కదయ్యా మరి అని అడిగా, దొరికిపోయాడు అనుకున్నా. ఆయన నవ్వి ఉప్పుచేప తినిపించి ఎవరు ఎవరితో పని చేయించుకున్నారో తెలుసుకో అన్నాడు. తోటల్లో బానిసలకి రేషన్ ఉప్పుచేపే. ఉప్పు తినని ఆఫ్రికావాడు గాల్లో ఎగిరి తిరిగి ఇంటికి వెళ్ళిపోగలడు అని కరీబియన్లో పాత నమ్మకం కూడా ఒకటుంది. అంటే ఉప్పు మానడానికి బైబిల్ కాదు ఆధారం, నానమ్మలు చెప్పిన కథ. రేడియో గారు అడిగారే బతుకు ముందా పుస్తకం ముందా అని, ఉప్పు విషయంలో ఖచ్చితంగా బతుకే ముందు. పంది విషయంలో పుస్తకం. ప్రతీదీ విడివిడిగా చూడాలి, ఒకే ఫార్ములా లేదు.

ఇంకోటి, దగ్గరివాళ్ళు పోయినా ఆయన అంత్యక్రియలకి వెళ్ళలేదు. మాకు చాలా కఠినంగా అనిపించింది, కానీ అది కూడా ఆ సంఖ్యాకాండమే, ప్లస్ చనిపోయినవాళ్ళు చనిపోయినవాళ్ళని పాతిపెట్టుకోనీ అన్న యేసు మాట.

అన్నీ నాకు నచ్చాయని కాదు. ఆడవాళ్ళ విషయంలో లేవీయకాండాన్ని పట్టుకుని చేసేవి, నెలసరి రోజుల్లో విడిగా ఉంచడం, ముఖ్యంగా బోబో శాఖలో, తల కప్పుకోకుండా బయటికి రాకూడదనడం, ఇవి చూస్తే బబులోను సంకెళ్ళు తెంపినవాళ్ళు ఇవి ఎందుకు ఉంచుకున్నారో అనిపించేది. రాస్తా స్త్రీలే దీని మీద చాలాకాలంగా గట్టిగా మాట్లాడుతున్నారు, అదీ అవే వచనాలు పట్టుకుని.

సూటిగా_సుత్తిలేకుండా:

ఇంత పెద్ద పోస్టులు దేనికి గురూ, గంజాయి కొట్టడానికి దేవుడి పర్మిషన్ కావాలి, బైబిల్లో చూసుకున్నారు, అయిపోయింది. మన దగ్గర సాధువులు శివుడి పేరు చెప్పినట్టే.

పాత_పుస్తకాలు:

సూటి గారూ, సాకు కోసం అయితే ఇంత ఖరీదైన సాకు ఎవరూ పెట్టుకోరండి. 1963 ఏప్రిల్లో మాంటెగో బే దగ్గర కోరల్ గార్డెన్స్ అనే చోట కొందరి గొడవ అడ్డం పెట్టుకుని పోలీసులు, సైన్యం దొరికిన రాస్తానల్లా పట్టుకుని కొట్టారు, జడలు కత్తిరించారు, జైళ్ళలో కుక్కారు, ప్రాణాలు పోయాయి. జమైకా ప్రభుత్వం దానికి క్షమాపణ చెప్పింది 2017లో, ప్రధాని ఆండ్రూ హోల్నెస్ పార్లమెంటులో. హోవెల్ కట్టుకున్న పినకిల్ అనే కమ్యూన్ని అంతకు ముందే 1954లో పోలీసులు నేలమట్టం చేశారు. జుట్టు వల్ల ఉద్యోగాలు రాలేదు, పిల్లల్ని బడిలో చేర్చుకోలేదు. రాస్తాలు గంజాయిని పూజలో భాగంగా వాడుకోవచ్చని చట్టం ఒప్పుకుంది 2015లో. ఊరికే దమ్ము కొట్టేవాడికి జడలు ఎందుకు, ఉప్పు మానడం ఎందుకు, జైలు ఎందుకు, చాటుగా కొట్టుకోవచ్చుగా.

సిస్టర్ మూడో పాయింట్ మాత్రం నిజంగా బరువైంది, దాటెయ్యకూడదు. దానికి రాస్తాల దగ్గర ఒకే జవాబు లేదు. కొందరు దేవుడైనవాడు నేనే దేవుణ్ణని డప్పు కొట్టుకుంటాడా, ఆ వినయమే గుర్తు అంటారు. 1966 ఏప్రిల్ 21న ఆయన జమైకా వచ్చినప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో జనం విమానాన్ని చుట్టేస్తే, మార్టిమర్ ప్లానో అనే రాస్తా పెద్ద మెట్లెక్కి జనాన్ని సర్దుబాటు చేశాకే ఆయన కిందికి దిగగలిగాడు, ఆ రోజుని ఇప్పటికీ పండగలా చేసుకుంటారు, ఆయన నోటితో కాదన్నా మా కళ్ళతో చూశాం అనే రకం. ట్వెల్వ్ ట్రైబ్స్‌లో చాలామంది యేసునే క్రీస్తుగా ఒప్పుకుంటూ, సెలాసీని దావీదు సింహాసనం మీద కూర్చున్న రాజుగా చూస్తారు. బోబో వాళ్ళకి రాజు సెలాసీ, ప్రవక్త గార్వీ, యాజకుడు వాళ్ళ వ్యవస్థాపకుడు ప్రిన్స్ ఇమాన్యుయేల్. నా తండ్రి ఇంట అనేక నివాసములు ఉన్నవి అని యోహాను 14:2లో ఉంది కదా, ఇంగ్లీషులో మాన్షన్స్, శాఖల్ని వాళ్ళు ఆ పేరుతోనే పిలుస్తారు, తేడాలు ఉంటే ఉండనీ అని. ఇక గార్వీ, వాళ్ళ ప్రవక్త, 1937లో అదే సెలాసీని దేశం వదిలి పారిపోయిన పిరికి రాజు అన్నట్టు ఏకిపారేశాడు. అయినా రాస్తాలు ఆయన్నీ వదల్లేదు, ఈయన్నీ వదల్లేదు!

వాక్యం_విత్తనం:

అపొ. కార్యాలు 18:18 నాకు గుర్తు రాలేదు, బాగా పట్టుకున్నాడు ఆ పెద్దాయన. అయినా మొక్కుబడి తీరాక పౌలు కత్తిరించుకున్నాడు కదా, వాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు కత్తిరించుకోవాలిగా, అదే నా ప్రశ్న ఇంకా అట్లాగే ఉంది. రాజుని ఆరాధించడం మాత్రం ఎంత చెప్పినా ఒప్పుకోలేను. వాళ్ళ ప్రార్థన ఎట్లా ఉంటుందో తెలిస్తే చెప్తారా?

ఒకప్పటి_జమైకా:

కత్తిరింపు గురించి ఆయన మాట ఏంటంటే బబులోను ఇంకా నిలబడే ఉంది, వ్రతం ఇంకా తీరలేదు అని. తీసుకోండి, తీసుకోకపోండి.

ప్రార్థన ఆ కీర్తన 68:31తోనే మొదలవుతుంది, తర్వాత ఆకలిగా ఉన్నవాళ్ళకి తిండి దొరకాలి, రోగులకి పోషణ, ముసలివాళ్ళకి రక్షణ, పసిపిల్లలకి సంరక్షణ అని సాగుతుంది. నైయబింగి కూడికల్లో మూడు రకాల డప్పులతో రాత్రంతా కీర్తనలు పాడతారు, మీరు వింటే సగం పాటలు మీకు తెలిసినవే అనిపిస్తాయి, పాత చర్చి పాటలకే రాజు పేరు, సీయోను పేరు మార్చుకున్నవి చాలా ఉన్నాయి.

అర్ధరాత్రి_రేడియో:

అందరికీ చాలా థాంక్స్, ఉప్పు సంగతి అయితే మైండ్ బ్లాక్. ఒక చివరి డౌటు, సెలాసీని దించేసి చంపేశారు కదా, అప్పుడు వీళ్ళ విశ్వాసం ఏమైంది? కెబ్రా నగాస్ట్ ఎక్కడైనా చదవడానికి దొరుకుతుందా?

పాత_పుస్తకాలు:

1974 సెప్టెంబర్లో సైన్యం దించేసింది, 1975 ఆగస్టులో పోయాడని ప్రకటించారు. బయటివాళ్ళు ఇక రాస్తాల పని అయిపోయిందన్నారు, కానీ ఆ వార్తే బబులోను అబద్ధం అన్నవాళ్ళు ఎక్కువ. మార్లే అయితే వెంటనే జా (దేవుడికి రాస్తాల పేరు) బతికే ఉన్నాడు అని పాట కట్టి విడుదల చేశాడు. 2000లో అడిస్ అబాబా కెథడ్రల్లో ఎముకలకి రాజ లాంఛనాలతో అంత్యక్రియలు చేసినా చాలామంది రాస్తాలు అవి ఆయనవే అని నమ్మలేదు. ఇంకోవైపు కొందరు ఇథియోపియన్ ఆర్థడాక్స్ చర్చిలో చేరారు, అది 1970లో సెలాసీ చొరవతోనే జమైకాకి వచ్చింది, వచ్చిన యాజకుడు సెలాసీ పేరుతో కాదు, యేసు పేరుతో బాప్టిజం తీసుకోండి అంటే కొందరు అలిగి వెళ్ళిపోయారు, కొందరు తీసుకున్నారు. మార్లే కూడా 1980లో, చనిపోవడానికి ఆర్నెల్ల ముందు, ఆ చర్చి బాప్టిజమే తీసుకున్నాడు, 81లో అంత్యక్రియలు ఆ పద్ధతిలోనే జరిగాయి. ఆయన అప్పుడు క్రైస్తవుడు అయ్యాడా, రాస్తాగానే పోయాడా అని ఇప్పటికీ కొట్టుకుంటుంటారు, ఆ గొడవ ఇక్కడ మొదలెట్టకండి దయచేసి.

కెబ్రా నగాస్ట్‌కి బడ్జ్ అనే ఆయన 1922లో చేసిన ఇంగ్లీషు అనువాదం ఉంది, పాతది కాబట్టి ఫ్రీగానే దొరుకుతుంది. మొదట్లో ఆదాము నుంచి వంశావళి సాగుతూనే ఉంటుంది, షేబా రాణి 21వ అధ్యాయంలో గానీ రాదు, కావాలంటే అక్కడ్నించే మొదలెట్టండి.